చాకులాంటి పిల్లాడు

చురుకైన పిల్లవాణ్ణి చూస్తే తెలుగువాళ్లు ‘చాకులాంటి కుర్రాడు’ అంటారు. అది మెచ్చుకోలు. తల్లి విని మురిసిపోతుంది. బళ్లో మాస్టారు అంటే తండ్రి నలుగురికీ చెప్పుకుంటాడు. ఆ మాటలో ఎవరికీ నెత్తురు కనిపించదు. మెరుపే కనిపిస్తుంది.

ఆ కుర్రాడి పేరు సలీమో రహీమో అయి, చాకు పోలికలో కాకుండా నిజంగానే జేబులో ఉంటే? అప్పుడూ అదే మెరుపు కనిపిస్తుందా?

మేం అడుగుతున్న ప్రశ్న చాలా చిన్నది. పెరిగే పిల్లల చేతికి తొలి చాకు ఎప్పుడివ్వాలి? ఎలాంటిదివ్వాలి? అసలు ఇవ్వాలా? చాలా ఇళ్లల్లో ఇది దుకాణం ముందు నిలబడి తేల్చుకునే సంగతి. మా ఇళ్లల్లో దుకాణందాకా పోకముందే తేలిపోతుంది. ‘మనకెందుకొచ్చిన గొడవ బేటా’ అన్న ఒక్క మాటతో తేలిపోతుంది. ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో, దానికి తల వంచడం న్యాయమో కాదో ఆలోచించాలని ఇది రాస్తున్నాం.

ముందు పేరు సంగతి చూద్దాం. ‘చాకు’ ఫారసీ ‘చాకూ’ నుంచి ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చిన మాట. దాన్ని దాచుకునే ‘జేబు’ అరబ్బీ మాట. ‘కలం’ కూడా అరబ్బీ మాటే. చాకుకీ కలానికీ పాత చుట్టరికం ఉంది. రెల్లుకలంతో రాసే రోజుల్లో మొన అరిగినప్పుడల్లా చెక్కుకోవడానికి రాసేవాడి దగ్గర ఒక చిన్న కత్తి ఉండేది. ఫారసీలో దాన్ని ‘కలంతరాష్’ అన్నారు. కలాన్ని చెక్కేది అని అర్థం. ఇంగ్లీషువాళ్ల ‘పెన్ నైఫ్’ కూడా ఈకపాళీలు చెక్కుకోవడానికి పుట్టిందే. జేబులో చాకు అనగానే మనకు రౌడీ గుర్తొస్తాడు గానీ, దాన్ని దగ్గర పెట్టుకు తిరిగినవాళ్లలో రాతగాళ్లున్నారు, గుమాస్తాలున్నారు, మత గ్రంథాలకు ప్రతులు రాసినవాళ్లున్నారు. ఖురాన్‌లో 68వ సూరా పేరే ‘కలం’. కలాన్ని అంతగా గౌరవించినవాళ్ల పిల్లలు, కలాన్ని చెక్కే పనిముట్టును ముట్టుకోవడానికి ఎందుకు జంకాలి?

ఆ మాటలు తెలుగులోకి వచ్చినప్పుడు వాటిని ఎవరూ ఆపి సోదా చెయ్యలేదు. చాకు తెలుగైపోయింది. జేబు తెలుగైపోయింది. వాటితోపాటు ఇక్కడే పుట్టి పెరిగిన మా పిల్లలే ఇంకా సంజాయిషీ ఇచ్చుకుంటున్నారు.

పిల్లలకు బంతి ఇస్తే ఆడుకోమని ఇస్తాం. పలక ఇస్తే దిద్దుకోమని ఇస్తాం. చాకు ఇచ్చేటప్పుడు మాత్రం ‘నీ చేతిని నువ్వు కాచుకోగలవు, పక్కవాళ్ల చేతినీ కాచగలవు’ అని ఒప్పుకుని ఇస్తాం. తెగే వస్తువును పిల్లల చేతిలో పెట్టి, పెద్దవాళ్లు రెండడుగులు వెనక్కి వెయ్యడమే ఇందులో అసలు పని. ఆ రెండడుగులే పిల్లలకు గుర్తుంటాయి. నన్ను నమ్మారు అనుకుంటారు. నమ్మిన పిల్లలు జాగ్రత్తపడతారు. ఎప్పుడూ నమ్మనివాళ్లు దొంగచాటుగా వంటింటి కత్తి పట్టుకుపోయి వేలు తెగ్గోసుకుంటారు.

కాబట్టి ఎంపికలో శ్రద్ధ కావాలి. ఏడెనిమిదేళ్ల పిల్లలకు రెండు, రెండున్నర అంగుళాల అలుగు చాలు. మొన వాడిగా ఉండకూడదు. గుండ్రంగా ఉంటే గుచ్చుకునే భయం తగ్గుతుంది. స్విట్జర్లాండు విక్టోరినాక్స్, ఫ్రాన్సు ఒపినెల్ కంపెనీలు పిల్లలకోసమే గుండ్రటి మొనతో తొలి చాకులు తయారుచేస్తున్నాయి. అవే కొనాలని లేదు, ఆ పోలికది దొరికితే చాలు. మడత చాకైతే, తెరిచాక అలుగు కదలకుండా బిగుసుకునే ఏర్పాటు ఉంటే మంచిది. లేకపోతే గట్టిగా నొక్కినప్పుడు వేళ్లమీదికే మడుచుకుంటుంది. పిడి పిల్లల పిడికిలికి సరిపోవాలి. బటన్ నొక్కగానే ఎగిరి తెరుచుకునేది వద్దేవద్దు. దాని తయారీలోనే ఎదుటివాణ్ణి బెదరగొట్టే ఉద్దేశం ఉంది.

పదును మాత్రం ఉండాలి. మొద్దు చాకైతే క్షేమం అనుకుంటారు చాలామంది. తెగనిదాన్ని బలంకొద్దీ నొక్కుతాం. అది జారి చేతిమీదికే వస్తుంది. మామూలు ఉక్కుదైతే తడికి తుప్పు పడుతుంది, మామిడికాయ పులుపుకు నల్లబడుతుంది. అదీ ఒకందుకు మంచిదే. తుడిచి, ఆరబెట్టి, చుక్క కొబ్బరినూనె రాసి పెట్టుకోవడం అలవాటవుతుంది.

నియమాలు నాలుగే. కూర్చుని కొయ్యాలి. ఒంటివైపు రాకుండా బయటివైపుకు కొయ్యాలి. చెయ్యి చాచి చుట్టూ తిప్పితే ఎవరికీ తగలనంత జాగా ఉండాలి. ఇంకొకరికి ఇచ్చేటప్పుడు మడిచి ఇవ్వాలి, మడత లేనిదైతే పిడి వాళ్లవైపు పెట్టి ఇవ్వాలి. ఇవి మాకు కొత్త సంగతులు కావు. ఒర తీసిన కత్తిని ఒకరి చేతికి అందించకూడదని హదీసుల్లో ఉంది. మసీదులోంచీ బజారులోంచీ బాణాలు పట్టుకుపోయేవాడు వాటి మొనల్ని చేత్తో మూసి పట్టుకోవాలని ఉంది. సొంత సోదరుడివైపైనా సరే, వేళాకోళానికైనా సరే, ఇనుము ఎత్తి చూపకూడదని ఉంది. జబహ్ చేసేవాడు ముందే కత్తికి పదును పెట్టుకుని జంతువుకు బాధ తగ్గించాలని ఉంది. కత్తి పట్టిన చేతికి అదుపు నేర్పే సంప్రదాయం మా ఇళ్లల్లోనే ఉంది. దాన్ని పిల్లలకు అందించడానికి ఒక చాకు కావాలి, అంతే.

కత్తి మా బతుకులకు దూరపుదీ కాదు. మగపిల్లవాడికి దానితో తొలి పరిచయం ఖత్నా రోజునే అయిపోతుంది. మెడలో పూలదండ, చేతిలో మిఠాయి, ఆపైన ఏడుపు. తర్వాత వీధిలోకి వస్తే మంగలి దుకాణంలో ఉస్తరా, దర్జీ చేతిలో కత్తెర, కసాయి మొద్దుమీద మాంసం కొట్టే కత్తి, బీడీలు చుట్టే అమ్మీ ఒళ్లో ఆకు కత్తిరించే కత్తెర. సైకిలుకు సానరాయి బిగించుకుని ‘కత్తులకు సాన’ అని కేకేస్తూ ఊళ్లు తిరిగేవాళ్లలో మావాళ్లున్నారు. ఈ ఇనుమంతా మాకు అన్నం పెట్టింది. ఆ అన్నం తిని పెరిగే పిల్లవాడికి పెన్సిలు చెక్కే చాకు ఇవ్వడానికి మాత్రం చెయ్యి వెనకాడుతుంది.

మా బక్రీద్ కథలోనూ ఒక తండ్రి, ఒక కొడుకు, ఒక కత్తి ఉన్నారు. కలలో వచ్చిన ఆజ్ఞకు కట్టుబడి ఇబ్రాహీం ప్రవక్త కన్నకొడుకును బలి ఇవ్వడానికి సిద్ధపడ్డాడు. కత్తి బిడ్డ మీద తెగలేదు. బిడ్డకు బదులు పొట్టేలు వచ్చింది. ఆ పండుగనాడు బయటివాళ్లకు తెగిన కత్తి ఒక్కటే కనిపిస్తుంది. ఇంట్లో పిల్లలకు మేం చెప్పుకునేది ఆగిన కత్తి కథ. చాకు ఇచ్చే ఏ తండ్రైనా, ఏ తల్లైనా పిల్లలకు నేర్పాల్సింది ఆ ఆగడమే.

ఇక్కడ మా ఇళ్లవైపు కూడా ఒక ప్రశ్న తిప్పుకోవాలి. ఆడపిల్లకు తొలి కత్తి ఎవరిచ్చారు? ఎప్పుడిచ్చారు? ఎనిమిదో ఏటో తొమ్మిదో ఏటో ఆమె కత్తిపీట ముందు కూర్చుంటుంది. ఉల్లిపాయలు తరుగుతుంది. వేలు తెగితే అమ్మీ కాస్త పసుపు అద్దుతుంది. పిల్లకు వయసొచ్చిందా అని ఎవరూ లెక్క చూడలేదు. పదునెంతో, మొన ఎలాంటిదో ఎవరూ పరీక్షించలేదు. తమ్ముడి చాకు గురించి ఇంటిల్లిపాదీ చర్చిస్తుంటే ఆమె చర్చ లేకుండానే నాలుగు కిలోల కూరగాయలు తరిగేస్తుంది. కత్తిపీట వంటింటి మూలన ఉంటుంది, మనిషే దాని దగ్గరకు పోవాలి. చాకు జేబులో ఉంటుంది, మనిషితోపాటు బయటికి పోతుంది. తేడా అంతా అక్కడుంది. ఆమె కుర్తాకు మేం జేబే కుట్టించం. అందుకే తొలి చాకు అన్నప్పుడు మేం కొడుకునొక్కణ్ణే తలుచుకోవడం లేదు. కూతురికీ ఇవ్వాలి. పెట్టుకోవడానికి జేబూ కుట్టించాలి.

ఇక భయం సంగతి. అది ఒక్కచోట పుట్టలేదు.

కొంత సినిమా పుట్టించింది. ఉత్తరప్రదేశ్‌లో నవాబుల సంస్థానంగా ఉండిన రాంపూర్‌లో కార్మికుల చేతిపనితనం రాంపురీ చాకు. హిందీ సినిమా దాన్ని పట్టుకుపోయి గూండా చేతిలో పెట్టింది. 1965లో వచ్చిన ‘వక్త్’ సినిమాలో రాజ్‌కుమార్ ఎదుటివాడి చేతిలో చాకు చూసి, ఇది పిల్లలు ఆడుకునే వస్తువు కాదంటాడు. ఆ మాటను జనం ఈనాటికీ చెప్పుకుంటారు. తెలుగు సినిమా కూడా ఆ దారినే నడిచింది. గళ్ల లుంగీ, మెడలో తాయెత్తు, చేతిలో చాకు. ఈ మూడూ తెరమీదికి వచ్చాక పాత్రకు పేరు పెట్టనక్కర్లేదు. చూసేవాళ్లే పెట్టుకుంటారు. 2023లో అదే రాంపూర్‌లో, ఊరి చేతిపనికి గుర్తుగా ఆరు మీటర్లకు పైగా పొడవున్న చాకును నడికూడలిలో నిలబెట్టారు. సంతోషమే. బొమ్మచాకుకు కూడలిలో చోటు దొరికింది.

అయితే నేరమంతా సినిమా మీదికే తోసేస్తే అబద్ధం అవుతుంది. 1990 డిసెంబరులో హైదరాబాదు అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు. అందులో కత్తిపోట్లకు పోయినవాళ్లు ఎందరో. పోయినవాళ్లలో ముస్లింలున్నారు, హిందువులున్నారు. పొడిచినవాళ్లూ రెండువైపులా ఉన్నారు. ఈ నిజాన్ని దాటేసి చాకు గురించి తియ్యగా రాయడం మా వల్ల కాదు. ఆ రోజులు కళ్లారా చూసిన తల్లి మడత చాకును పనిముట్టుగా చూడలేకపోతే ఆమెను తప్పుపట్టలేం.

ఆ తర్వాత భయం ఇంకో రూపం ఎత్తింది. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చాక మా పెద్దవాళ్లు కొన్ని లెక్కలు నేర్చుకున్నారు. ఎవరైనా సోదాకొస్తే బక్రీద్ కత్తిని ఏమని రాసుకుంటారో అన్న లెక్క. పిల్లవాడు చీకటిపడ్డాక ఏ సందులోంచి రావాలి అన్న లెక్క. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకు వచ్చినవాళ్లు చచ్చిపోయారు. తర్వాత పోలీసులు పట్టుకుపోయిందీ పాతబస్తీ ముస్లిం కుర్రాళ్లనే. కోర్టులు వాళ్లను నిర్దోషులన్నాయి. నిర్దోషి అనిపించుకోవడానికి ఎన్నేళ్లు పడుతుందో ఆ ఇళ్లల్లో తల్లులకు తెలుసు.

దేశం దాటినా ఈ లెక్క తప్పలేదు. 2015 సెప్టెంబరులో అమెరికా టెక్సాస్ రాష్ట్రం ఇర్వింగ్‌లో పద్నాలుగేళ్ల ముస్లిం పిల్లవాడొకడు సొంతంగా గడియారం బిగించి, టీచర్‌కు చూపిద్దామని బడికి తెచ్చాడు. బాంబులా ఉందన్నారు. బేడీలు వేశారు. చివరికి కేసేమీ పెట్టలేదు. ఆ డల్లాస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్ల పిల్లలూ బడికి రకరకాల యంత్రాలు చేసి పట్టుకుపోతారు, బహుమతులతో తిరిగొస్తారు. ఇర్వింగ్ పిల్లవాడి చేతిలో చాకు కూడా లేదు.

మరి చట్టం ఏమంటుంది? 1959 ఆయుధాల చట్టం కింద 1962లో వచ్చిన నియమాలూ, వాటి స్థానంలో వచ్చిన 2016 నియమాలూ లైసెన్సు పరిధిలోకి వచ్చే కత్తులకు ఒక కొలత పెట్టాయి. అలుగు పొడవు 9 అంగుళాలు దాటాలి, లేదా వెడల్పు 2 అంగుళాలు దాటాలి. ఇంటిపనికీ పొలంపనికీ వృత్తిపనికీ చేసినవాటిని మినహాయించాయి. కొన్ని ప్రాంతాల్లో ప్రత్యేక ఉత్తర్వులతో ఇంకా చిన్నవాటి మీద ఆంక్షలు పెట్టే వీలు ప్రభుత్వానికి ఉంది, అది తెలుసుకుని మసలుకోవాల్సిందే. మొత్తంమీద చట్టం కత్తిని అంగుళాల్లో కొలుస్తుంది. వీధి మాత్రం పట్టుకున్నవాడి పేరుతో కొలుస్తుంది.

కృపాణం మాటేమిటని మిత్రులు అడుగుతారు. సిక్కులు కృపాణం ధరించడం వాళ్ల మతాచరణలో భాగమని మన రాజ్యాంగం 25వ అధికరణ వివరణలోనే రాసి ఉంది. కెనడా సుప్రీంకోర్టు 2006లో ఒక సిక్కు విద్యార్థి కొన్ని షరతులకు లోబడి కృపాణంతో బడికి రావచ్చంది. ఆ గౌరవం వాళ్లకు దక్కినందుకు మాకు సంతోషమే. మేం అడిగేది వేరు. మా చాకుకు మతం లేదు. దానికి ప్రత్యేకమైన అధికరణ అక్కర్లేదు. మామిడికాయ కోసుకునే చాకును మామిడికాయ కోసుకునే చాకుగా చూస్తే చాలు.

ఇంతా విన్నాక కూడా మా పెద్దవాళ్లు ఒక మాట అంటారు. ‘నీ బిడ్డను నువ్వు నమ్ముతావు, బాగానే ఉంది. వీధి నమ్మాలి కదా? నమ్మకపోతే శిక్ష పడేది నీకా, వాడికా? నీ సిద్ధాంతం మొయ్యడానికి వాడి జేబే దొరికిందా?’

ఇది గట్టి మాట. దీన్ని పిరికితనం అనే హక్కు మాకు లేదు. ఆ పెద్దవాళ్లు అలా జాగ్రత్తపడబట్టే మేం ఇక్కడిదాకా వచ్చి కూర్చుని వ్యాసాలు రాసుకుంటున్నాం.

కానీ ఇవ్వకపోవడం కూడా ఒక పాఠమే. పక్కింటి పిల్లవాడికి ఉన్నది తనకెందుకు లేదని అడిగిన బిడ్డకు మేం చెప్పే జవాబు ‘నీ చెయ్యి అనుమానించదగ్గ చెయ్యి’ అనే కదా. ఆ మాట బయటివాడు అంటే ఎదురు చెప్పుకోవచ్చు. అబ్బా నోటివెంట, అదీ ప్రేమతో వస్తే దానికి ఎదురేముంటుంది? పైగా అది చాకుతో ఆగదు. రైల్లో ఉర్దూ పుస్తకం తియ్యకు. టోపీ మడిచి జేబులో పెట్టుకో. ఫోనులో సలాం గట్టిగా చెప్పకు. ఇల్లు అద్దెకు అడిగేటప్పుడు పేరు చివర్లో చెప్పు. ఒక్కోటీ ఒక్కో చెక్కు. పెన్సిలు చెక్కుకోమని చాకు ఇవ్వడం మానేసి, మేమే పిల్లవాణ్ణి చెక్కుకుంటూ పోతాం. చెక్కినకొద్దీ పొట్టిదయ్యే వస్తువే అది కూడా.

అయితే ఏది జాగ్రత్త, ఏది భయం? మేం ఒక కొలత పెట్టుకున్నాం. ఏ నియమం అందరి పిల్లలకూ వర్తిస్తుందో అది జాగ్రత్త. ఏది మా పిల్లలకే వర్తిస్తుందో అది భయం. బటన్ చాకు వద్దనడం జాగ్రత్త. బడికి తీసుకుపోవద్దనడం జాగ్రత్త, ఎందుకంటే ఏ పిల్లవాడూ బడికి చాకు తేకూడదు. విమానంలో చేతిసంచిలో పెట్టుకోవద్దనడమూ అంతే. తగువులో చాకు బయటికి తీస్తే మళ్లీ చేతికి ఇవ్వం అనడం అన్నిటికన్నా పెద్ద జాగ్రత్త. పేరు రహీం కాబట్టి తోటలోకి కూడా తీసుకుపోవద్దనడం భయం. మొదటి నాలుగూ పిల్లలకు చెబుతాం. చివరిదాన్ని మా దగ్గరే అట్టిపెట్టుకుంటాం. ఆ భయం ఉత్తదని మేమనం. దాన్ని మోసేది మాత్రం పెద్దవాళ్లం కావాలి. పిల్లలు చాకుతో బయటికి పోయే తొలిరోజుల్లో మేం పక్కనే నడుస్తాం. ఎవరైనా అడిగితే జవాబు మేం చెబుతాం.

ప్రేమ్‌చంద్ ‘ఈద్గాహ్’ కథలో హమీద్ అనే పేద పిల్లవాడు ఈద్ సంతలో మూడు పైసలతో ఒక ఇనుప పట్టకారు కొంటాడు. రొట్టెలు కాల్చేటప్పుడు దాదీ వేళ్లు కాలుతున్నాయని కొంటాడు. తోటిపిల్లలు మట్టిబొమ్మలు కొనుక్కుంటే వీడు పట్టకారును తుపాకీలా భుజాన వేసుకుని నడుస్తాడు. తరతరాల బడిపిల్లలు ఆ కథ చదివారు. ఎవరికీ హమీద్‌ను చూసి భయం వెయ్యలేదు. హిందూ కుటుంబంలో పుట్టిన రచయిత ముస్లిం పిల్లవాడి చేతిలో ఇనుము చూశాడు. ఆ ఇనుములో వాడి మనసునే చూశాడు. అలా చూడగలిగిన కళ్లు ఈ దేశంలో ఉండేవి కాబట్టి ఇప్పుడూ ఉంటాయని మేం నమ్ముతున్నాం.

లౌకికవాద మిత్రులను మేం అడిగేది జాలి కాదు. మా పిల్లవాడు గొప్ప మంచివాడని ముందే తీర్పు చెప్పమనీ కాదు. వాడు అల్లరివాడే కావచ్చు. వద్దన్నా ఒకరోజు చాకు బడికి తెస్తాడు, పిల్లలు తెస్తారు. అప్పుడు మీ పిల్లవాణ్ణి ఎంత తిడతారో వాణ్ణీ అంతే తిట్టండి. చాకు లాక్కోండి. బెంచీ ఎక్కించండి. తండ్రిని పిలిపించి నాలుగు చీవాట్లు పెట్టండి. అంతటితో ఆపండి. కబురు పోలీస్ స్టేషనుదాకా పోనివ్వకండి, పేపరుదాకా పోనివ్వకండి. మెచ్చుకోలులో సమానత్వం గురించి అందరూ మాట్లాడతారు. మాకు మందలింపులో సమానత్వం కూడా కావాలి. పిల్లతనంలో చేసిన తప్పు పిల్లతనం కిందే పోయే హక్కు మా పిల్లలకూ కావాలి.

మా ఇళ్లల్లోవాళ్లకు చెప్పేది ఇంకా చిన్నది. చాకు కొనండి. ఇద్దరుంటే రెండు కొనండి. పదును పెట్టించండి, పిడి ముందుకు పెట్టి చేతికివ్వండి, రెండడుగులు వెనక్కి వెయ్యండి. మామిడికాయల రోజుల్లో ఉప్పూ కారం పొట్లం కట్టుకుని పక్కింటి పిల్లలంతా చెట్టుకింద చేరతారు. కాయ ఒకటే ఉంటుంది, పిల్లలు ఆరుగురుంటారు. ఎవరికీ తక్కువ కాకుండా కొయ్యాలంటే చెయ్యి నిలకడగా ఉండాలి. అది చాకు పట్టుకుంటేనే వస్తుంది.